గాడిదల రేవులో ఈత, భోజనం

పిరేయస్, 8 మే 1986

అక్కా,

నా చేతిరాత చూస్తే విప్పకుండానే పొయ్యిలో వేస్తావని తెలుసు. అందుకే కవరు మీద చిరునామా పక్కింటావిడ చేత రాయించాను. ఎలాగూ చింపేశావు కాబట్టి ఇంకో నాలుగు ముక్కలు చదువు. ఆ తర్వాత నీ ఇష్టం, నీ పొయ్యి ఇష్టం.

పదమూడేళ్ళ తర్వాత మొదటి ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఈస్టరు బాగానే జరిగింది. గుడ్డుకి గుడ్డు కొట్టే ఎర్రగుడ్ల పందెంలో నా గుడ్డు మొదటి దెబ్బకే పగిలింది. ఎప్పుడూ అంతే కదా, చిన్నప్పుడు నువ్వు నా గుడ్డు పగలగొట్టి, నేను ఏడుస్తుంటే నీది నాకిచ్చేదానివి.

అసలు సంగతికొస్తాను. సరుకు ఓడల పని మానేసి రెండేళ్ళయింది. ఇప్పుడు 'లిలిక' అనే తెల్ల పడవకి కెప్టెన్ని. లిలిక మా యజమాని కూతురు పేరు. పడవా, ఆ పిల్లా ఒకే వెడల్పని రేవులో అంటారు, నేననలేదు. పొద్దున్నే విదేశీయుల్ని ఎక్కించుకుంటాం, మూడు దీవులు చూపిస్తాం, మధ్యలో ఒకచోట ఈత కొట్టించి భోజనం పెట్టిస్తాం, సాయంత్రానికి తెచ్చి దింపేస్తాం. పని తేలిక. ఎవరూ చావరు.

ఈ ఏడు ఈతకి మా యజమాని ఎంచిన చోటు ఏదో తెలుసా? మన గాడిదల రేవు. నేను చెప్పలేదక్కా, ఒట్టు. మ్యాపు మీద వేలు పెట్టి, "ఇక్కడ నీళ్ళు పచ్చగా ఉంటాయటగా, జనం ఉండరటగా" అన్నాడు. అచ్చు వేయించిన కాగితాల్లో దాని పేరు 'జలకన్యల తీరం'. "భోజనం ఎవరు పెడతారక్కడ?" అని అడిగేసరికి నా నోరు జారింది. పెత్రోనిసి దీవి మొత్తానికి అరవైమందికి వండగల చెయ్యి ఒక్కటే ఉంది, అది ఎవాంథియాది అన్నాను. మా అక్క అని మాత్రం చెప్పలేదు. చెప్పే హక్కు ఉందో లేదో తెలియదు.

ఈ నెల పదిహేడు నుంచి ప్రతి శనివారం వస్తాం. నువ్వు కాదంటే వేరే ఏర్పాటు చూస్తాను. కాఫీ కొట్టు ఫోనుకి చెయ్యనా అనుకున్నాను గానీ, అక్కడ మాట్లాడితే ఊరంతా నీ భుజం మీంచి వింటుంది.

కోప్పడకుండా జవాబు రాయి. కోప్పడి రాసినా ఫరవాలేదు.

స్తాథిస్


పెత్రోనిసి, 13 మే

స్తాథిస్,

'ప్రియమైన' అని రాయబోతే కలం ఒప్పుకోలేదు.

పక్కింటావిడ చేత చిరునామా రాయించావా? ధైర్యం ఇంకా అంతే ఉందన్నమాట. మూడు మహాసముద్రాలు తిరిగిన మా నాన్న కొడుకు చివరికి జనానికి స్నానాలు చేయించే కెప్టెన్ అయ్యాడు! వీపులు కూడా నువ్వే తుడుస్తావా? నలభై తొమ్మిదేళ్ళొచ్చినా మోకాలు దాటి నీళ్ళలోకి దిగవు, నువ్వు ఈత కొట్టిస్తావా! నీకు ఈత రాదని ఆ విదేశీయులకి చెప్పావా, లేక టిక్కెట్టు కొన్నాక చెప్తావా?

జలకన్యల తీరమట. అక్కడ నాకు తెలిసి దిగినవి గాడిదలే. ఇప్పుడు ఒక్కటే మిగిలింది, అది కూడా కుంటిది.

సరే, వండుతాను. నీ కోసం కాదు. నేను కాదంటే కాఫీ కొట్టువాడు ఎగబడతాడు. వాడి మాడు వంకాయలు తిని, ఈ దీవంతా ఇలాగే వండుకుంటుంది కాబోలని అరవైమంది ఇళ్ళకెళ్ళి చెప్తారు. అది నేను భరించలేను.

ఒక్క షరతు. వాళ్ళు దిగొచ్చు. నీ కాలు మాత్రం నా మెట్టు మీద పడకూడదు.

ఎందుకో నీకు తెలుసు. అయినా రాస్తాను, చదువు. మీ బావ ఈ దీవిలో అందరికంటే పెద్ద ఈతగాడు. సిగరెట్టూ అగ్గిపెట్టే టోపీలో పెట్టుకుని ఎదురుగా ఉన్న దీపస్తంభం దాకా ఈది, అక్కడ కూర్చుని తాగి, తిరిగొచ్చేవాడు. అలాంటి లినార్దోస్ మునిగాడట, ఈత రాని నువ్వు తేలావట! పైగా రేవు ఆఫీసులో, 'మునిగిపోవడం కళ్ళారా చూశాను' అని సంతకం పెట్టి చేతులు దులుపుకున్నావు. ఆ సంతకాన్ని ప్రభుత్వం ఒప్పుకుంది, నేను ఒప్పుకోలేదు. అంత ఈత వచ్చినవాడు ఎక్కడో ఒడ్డెక్కే ఉంటాడు.

చర్చిలో ఫాదరుకి రెండు కాగితాలిస్తాం కదా, పైకి చదవడానికి, బతికున్నవాళ్ళ పేర్లు ఒకదానిలో, పోయినవాళ్ళ పేర్లు ఒకదానిలో. మీ బావ పేరు పదమూడేళ్ళుగా బతికున్నవాళ్ళ కాగితంలోనే రాస్తున్నాను. అందులో ఆ పేరొక్కటే. అది చదివేటప్పుడు ఫాదరుకి దగ్గొస్తుంది. రానీ. నేను నల్లబట్ట కట్టలేదని ఊళ్ళో ఆడవాళ్ళు గుసగుసలాడతారు. ఆడనీ.

నీ పేరు ఏ కాగితంలోనూ లేదు.

అరవైమందికీ బియ్యం కూరిన టమాటాలు, చిన్నచేపల వేపుడు, ఆకుకూర. రొట్టె మీరే తెచ్చుకోండి.

ఎవాంథియా


పెత్రోనిసి, 18 మే

కెప్టెన్ గారికి,

మీ మంద నిన్న వచ్చింది, మేసింది, వెళ్ళింది.

నా జన్మలో ఇలాంటి ఈత చూడలేదు. నడుం లోతులో నిలబడి ఒకరి మొహం మీద ఒకరు నీళ్ళు కొట్టుకోవడాన్ని ఈత అంటారా అక్కడ? ఒకాయన సాక్సులు వేసుకుని దిగాడు. బక్కపలచటి ముసలాయన, మోకాళ్ళ దాకా తెల్ల సాక్సులు! సముద్రంలో చలేస్తుందనా, చేపలు చూస్తాయని సిగ్గా? యాభై ఏళ్ళావిడ ఒకత్తె పసుపుపచ్చ బాతు ట్యూబు నడుముకి తగిలించుకుని తేలింది. ఆ బాతుకి నల్ల కళ్ళజోడు కూడా ఉంది. ఇంకొకావిడ నీళ్ళ వంకే చూడలేదు, కుంటిగాడిదకి అరగంటసేపు ఫోటోలు తీసింది. గాడిద కూడా విసిగిపోయి అటు తిరిగి నిలబడింది.

ఇక తిండి చూస్తే ఏడుపొచ్చింది. తెల్లారకముందే లేచి, పుదీనా, ఉల్లిపాయ వేసి బియ్యం కూరితే, ఆ బియ్యం గీకి పక్కన పెట్టి టమాటా తొక్క తిన్నారు! చేపలకి తలలెందుకున్నాయని ఒకడు నీ గైడు పిల్లని అడిగాడు. ఏం చెప్పమంటావు? పుట్టుకతోనే ఉన్నాయిరా నాయనా. నూనె ఎక్కువైందని ఒకత్తె టమాటాని కాగితంతో ఒత్తి తుడిచింది. మా అత్తగారు చూసుంటే ఆ కాగితం తినిపించేది.

ఒక్క సాక్సుల ముసలాయనే మనిషిలా తిన్నాడు. మూడు ప్లేట్లు తిని, రొట్టెతో నూనె కూడా తుడుచుకుని తిని, చెయ్యి గుండె మీద పెట్టుకుని వాళ్ళ భాషలో ఏదో అన్నాడు. నాలుగోది కూడా పెట్టాను.

నీ సంగతికొద్దాం. ఈ దీవిలో పుట్టిన కెప్టెన్ ఎవడైనా మన రేవు ముందుకొస్తే మూడుసార్లు హారన్ కొడతాడు. నాన్న కొట్టేవాడు. తాగుబోతు యాకుమిస్ కూడా కొట్టేవాడు, వాడు రెండే కొట్టి మూడోది మర్చిపోయేవాడు. నువ్వు మాత్రం దొంగపిల్లిలా చప్పుడు లేకుండా వచ్చి, చప్పుడు లేకుండా పోయావు. నా మెట్టెక్కొద్దన్నాను గానీ పుట్టిన ఊరికి దండం పెట్టొద్దన్నానా? ఊరంతా ఒడ్డున నిలబడి చెవులు రిక్కించింది. నాకు తల కొట్టేసినట్టయింది.

మళ్ళీ శనివారం టమాటాలు ఉండవు. బంగాళాదుంపలు వేయించి పడేస్తాను, అదే వాళ్ళ మొహానికి సరి.

ఎవాంథియా, జలకన్య


పిరేయస్, 21 మే

అక్కా,

తిట్టినా పేజీన్నర రాశావు. రెండుసార్లు చదువుకున్నాను.

బంగాళాదుంపలు వద్దు. సాక్సులాయనది హాలండు, పేరు నాకు నోరు తిరగదు. తిరుగు ప్రయాణం మొత్తం నీ టమాటాల గురించే చెప్పాడు. వచ్చే శనివారానికి కూడా టిక్కెట్టు కొనేశాడు. మిగతావాళ్ళని కూడా అంత తీసిపారేయకు. ఏడాదంతా వానలో, ఆఫీసుల్లో పడి ఉంటారు. ఒక్క రోజు ఎండ దొరికితే ఎలా వాడుకోవాలో తెలియదు పాపం.

హారన్ సంగతి అడగొద్దు. ఆ రేవు ముందు నా చెయ్యి దాని తాడు మీదికి వెళ్ళదు. కారణముంది. చెప్తే నువ్వు వినవు, వినడానికి నువ్వు తలుపు తియ్యలేదు ఆ రోజు.

ఒక్కటి అడుగుతాను. పడవ మీంచి నీ పందిరి కనిపిస్తుంది. నువ్వు ప్లేట్లు పట్టుకుని తిరగడం కనిపిస్తుంది. నడుం నొప్పి ఉన్నట్టుంది, ఎడమవైపు వంగుతున్నావు. అక్కడ కూర్చుని చూడటం చాలా కష్టంగా ఉంది. ఒక్కసారి దిగి, బల్ల చివర కూర్చుని, తిని వెళ్ళిపోతాను. మాట్లాడమని అడగను.

మా గైడు పిల్ల గునిల్లా నీ దగ్గరికొచ్చి "కెప్టెన్ భోజనానికి రావచ్చా?" అని అడుగుతుంది. స్వీడన్ పిల్ల. మన గ్రీకు భాష నేర్చుకుంటోంది, ఉత్సాహం ఎక్కువ, మాటలు తక్కువ. ఒక్క మాటలో జవాబు చెప్పు చాలు. కాదన్నా ఏమీ అనుకోను.

తమ్ముడు


పెత్రోనిసి, 25 మే

ఒరేయ్,

సిగ్గులేదూ నీకు?

అంతలా బతిమాలుతూ ఉత్తరం రాసి, ఆ సన్నకాళ్ళ పిల్లని రాయబారం పంపి, నేను సరేనన్నాక ముఖం చాటేస్తావా? 'నే' అన్నాను కదరా! అవును, రావచ్చు, అని పదమూడేళ్ళ తర్వాత నా నోటితో, అరవైమంది పరాయివాళ్ళ మధ్య 'నే' అన్నాను. అది అనడానికి నాకు ఎంతసేపు పట్టిందో ఆ పిల్లనడుగు. చేతిలో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

బల్ల చివర కాదు, మొదట్లో వేశాను నీ ప్లేటు. రెండు రోజులు ఎండలో ఆరేసిన ఆక్టోపస్ నిప్పుల మీద కాల్చి, నీకిష్టమని వెనిగరు ఎక్కువ పోశాను. ఊళ్ళో ఆడవాళ్ళు అటు పనున్నట్టూ ఇటు పనున్నట్టూ నా గుమ్మం ముందు నుంచి తిరిగారు, నువ్వొస్తావని చూడ్డానికి. నువ్వేమో టోపీ కళ్ళ మీదికి లాక్కుని పడవ మీద దిష్టిబొమ్మలా కూర్చున్నావు.

ఈదలేనివాడివని తెలుసు. నాలుగడుగులు నడవలేనివాడివని ఇప్పుడే తెలిసింది. ఆ రోజు కూడా ఇలాగే ఉండుంటావు, పక్కనున్నవాడు పోతుంటే కదలకుండా.

ఆక్టోపస్ పిల్లులకి వేశాను. అవి తిని కాళ్ళకి చుట్టుకున్నాయి, వాటికున్న కృతజ్ఞత నీకు లేదు.

ఇక ఉత్తరాలు రాయకు.

ఎవాంథియా


పిరేయస్, 28 మే

అక్కా,

రాయొద్దన్నావు, రాస్తున్నాను.

నీ ఉత్తరం అందగానే గునిల్లాని కూర్చోబెట్టి అడిగాను. "మా అక్క ఏమంది?" "కాదంది కెప్టెన్." "సరిగ్గా ఏ మాట అంది?" "'నే' అంది. చాలా కోపంగా అంది." నాకు బుర్ర తిరిగిపోయింది. వాళ్ళ భాషలో కాదనడానికి 'నేయ్' అంటారటక్కా! పుస్తకంలో చదువుకున్నదట మన 'నే' అంటే అవునని, కానీ నువ్వు గరిటె పట్టుకుని ఆ మొహంతో అనేసరికి పుస్తకం మర్చిపోయిందట. ఆ పిల్ల ఏడ్చింది. నేను నవ్వాను, కాసేపటికి నేనూ ఏడ్చాను. నా ప్లేటు మొదట్లో వేశావా!

కానీ నువ్వు రాసిన ఒక మాట తగలాల్సిన చోట తగిలింది. పక్కనున్నవాడు పోతుంటే కదలకుండా ఉన్నానని. నిజమే, కదల్లేదు. ఎలాగో చెప్తాను. ఇది చెప్పడానికే ఆ రోజు నీ గుమ్మం దాకా వచ్చాను. నువ్వు తలుపు వేశావు, నేనూ రెండోసారి తట్టలేదు. తట్టకపోవడమే నాకు సుఖంగా అనిపించింది, దాచను.

పోరోస్ దీవి నుంచి బావా నేనూ నిమ్మకాయలు వేసుకుని వస్తున్నాం. మిట్టమధ్యాహ్నం, కానీ పొగమంచు ఎలా పట్టిందంటే చెయ్యి చాపితే వేళ్ళు కనిపించలేదు. తేలుతున్న దుంగేదో తగిలి పడవ అడుగు చీలింది. పది నిమిషాల్లో అంతా అయిపోయింది. ఉన్నది ఒకటే రబ్బరు చక్రం. బావ దాన్ని నా మెడలో వేశాడు. "నీకు రాదురా, నాకొచ్చు" అన్నాడు. చుట్టూ నీళ్ళ నిండా నిమ్మకాయలు.

ఒడ్డు ఎటో మాకు తెలుసు. అటు నుంచి కుక్క మొరుగుతోంది. బావ ఒక్కడే అయితే అరగంటలో ఒడ్డెక్కేవాడు. నాకు చలికి కాళ్ళు చచ్చుబడ్డాయి, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. అప్పుడు రెండోవైపు, నడిసముద్రం వైపు, ఓడ హారన్ వినిపించింది. "ఒడ్డుకెళ్ళి మనుషుల్ని తెచ్చేదాకా నువ్వు ఆగలేవు. ఆ ఓడని పిలుచుకొస్తా" అన్నాడు. ఒడ్డుకి వీపు తిప్పి ఈదాడక్కా. హారన్ మోగినప్పుడల్లా "ఓయ్!" అని అరిచేవాడు, నాకు ధైర్యంగా ఉండాలని. నేను తిరిగి అరిచేవాణ్ణి. హారన్ దూరమైంది, ఆ అరుపూ దూరమైంది. తర్వాత హారన్ ఒక్కటే వినిపించింది.

నన్ను చేపల పడవవాళ్ళు ఎప్పుడు తీశారో నాకు తెలియదు.

బావ మునగడం నేను చూడలేదు. చూశానన్న సంతకం అబద్ధం. నువ్వు కిటికీ దగ్గర కూర్చుని జీవితమంతా ఎదురుచూడకూడదని పెట్టాను. నా కోసం పోయాడని నీ మొహం చూసి చెప్పలేక కూడా పెట్టాను. ఏది ఎక్కువో నాకే తెలియదు.

హారన్ ఎందుకు కొట్టనో ఇప్పుడు తెలిసింది కదా.

స్తాథిస్


పెత్రోనిసి, 5 జూన్

స్తాథిస్,

నీ ఉత్తరం అందింది.

మొన్న శనివారం నీ మందకి నిజంగానే బంగాళాదుంపలు వేయించి పడేశాను. అంతకంటే చేతకాలేదు. వాళ్ళు సంబరపడ్డారు. సాక్సులాయన ఒక్కడే నా మొహం చూసి, అడక్కుండా ప్లేట్లన్నీ కడిగిపెట్టి వెళ్ళాడు.

కొన్నాళ్ళు నన్నేమీ అడగొద్దు, దిగొద్దు.

ఒక పని చెయ్యి. పంచదార పాకం పట్టిన తెల్ల బాదంపప్పు కిలో, వెండిపూసల మిఠాయి ఒక డబ్బా కొని గునిల్లాతో పంపు. ఇక్కడి కొట్లో ఉన్నవి నా కంటే పాతవి, కొరికితే పళ్ళూడతాయి.

ఎ.


పిరేయస్, 11 జూన్

అక్కా,

బాదంపప్పు, వెండిపూసలు కొన్నాను. ఈ శనివారం గునిల్లా తెస్తుంది. కొట్టువాడు డబ్బాకి రిబ్బను కూడా కట్టి, "పెళ్ళికూతురికి శుభాకాంక్షలు చెప్పండి" అన్నాడు.

తెల్ల బాదం పెళ్ళిళ్ళకే కదా కొంటారు, ఎవరి పెళ్ళక్కా? మనవైపు పెళ్ళీడు పిల్లలెవరూ లేరే. రెండు రోజులు ఆలోచించాను. ఆలోచించకుండా ఉండాల్సింది. హాలండు ఆయన ప్రతి శనివారం టిక్కెట్టు కొంటూనే ఉన్నాడు. ఇప్పటికి అవే మూడు దీవులు నాలుగుసార్లు చూశాడు. నిన్న రేవుకొచ్చి, "మీ అక్క ఒంటరిగా ఉంటారా?" అని గునిల్లా చేత అడిగించాడు. ప్లేట్లు కూడా కడిగాడని నువ్వే రాశావు.

బావ సంగతి నేను రాశాను కాబట్టి, నువ్విక... ఎలా రాయాలో తెలియడం లేదు. నేను అడ్డు చెప్పను. మనిషి మంచివాడిలాగే ఉన్నాడు. ఆ సాక్సులొక్కటే.

తమ్ముడు


పెత్రోనిసి, 16 జూన్

గాడిదా,

యాభై ఎనిమిదేళ్ళొచ్చాయి నాకు. మోకాళ్ళు లేస్తే కూర్చోవు, కూర్చుంటే లేవవు. సాక్సులవాణ్ణి పెళ్ళాడి వాడి సాక్సులు ఉతకనా ఇప్పుడు? తెల్ల బాదం చూస్తే నీకు పెళ్ళే గుర్తొచ్చిందా? ఓడల మీద తిరిగి తిరిగి తలకాయ కూడా ఉప్పు పట్టింది.

ఆ రిబ్బను గాడిద మెడకి కట్టాను. నీ చుట్టం కదా.

ఎవరి కోసమో శనివారం తెలుస్తుంది. పడవ మీదే కూర్చో. గిన్నె పంపిస్తాను.

ఎవాంథియా


పెత్రోనిసి, 22 జూన్

తమ్ముడూ,

నిన్న నువ్విక్కడే ఉన్నావు, అయినా నాలుగు మాటలు చెప్పుకోలేకపోయాం. నీ ఒంటి మీంచి నీళ్ళు కారుతున్నాయి, నేను నవ్వుతున్నాను, ఆ తర్వాత ఇద్దరం నవ్వే స్థితిలో లేము. అందుకే రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివాక వారం రోజులు తిట్టాను. నిన్ను కాదు, ఆయన్ని. ఒడ్డు అటుంటే ఇటు ఈదడమేమిటి ఈ మనిషికి? కానీ తిడుతూ ఉండగానే తెలిసిపోయింది. ఒడ్డుకి వీపు తిప్పి ఈదాడంటే అది ఆయనే. పదమూడేళ్ళు నేను వేసుకున్న లెక్కలన్నీ ఒడ్డు వైపువే. అరగంట ఈదాడు, ఏదో ఒడ్డెక్కాడు, తలకి దెబ్బ తగిలింది, పేరు మర్చిపోయాడు, ఎవరింట్లోనో చేపలు పట్టి బతుకుతున్నాడు... ఎన్ని కథలల్లుకున్నానో! నడిసముద్రం వైపు వెళ్ళుంటాడని ఒక్కసారీ అనుకోలేదు. నీకు చెప్పే ధైర్యం లేకపోయింది. నాకు తలుపు తీసే బుద్ధి లేకపోయింది.

శుక్రవారం గోధుమలు ఉడికించాను. నిన్న, పోయినవాళ్ళని తలుచుకునే శనివారం కదా. దానిమ్మ గింజలు, ఎండుద్రాక్ష, నువ్వులు కలిపి, పైన పంచదార పొడి పరిచి, నువ్వు పంపిన తెల్ల బాదం అంచుకి పెట్టి, మధ్యలో వెండిపూసలతో ఆయన పేరులో మొదటి అక్షరం 'Λ' దిద్దాను. పదమూడేళ్ళు ఆలస్యంగా, పోయిన ఆయన పేరున పంచడానికి చేసిన కోలివ. నల్ల గౌను వేసుకున్నాను. ఆ ఎండకి ఉడికి చచ్చాను. ఫాదరు నా కాగితాలు తీసుకుని, ఒకసారి చూసి, మళ్ళీ చూశాడు. ఈసారి దగ్గలేదు.

మిగిలిన పళ్ళెం తెచ్చి పందిరి కింద పెట్టి, నీ గిన్నె తీసి చిన్న పడవలో పంపి, వెనక్కి తిరిగేసరికి నీ మంద దాన్ని పుట్టినరోజు కేక్ అనుకుని చెంచాలు పట్టుకుని వరసలో నిలబడింది! ఆ అక్షరం గుడారమా, కొండా అని ఒకడు అడుగుతున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. గునిల్లా వచ్చి "ఇదేమిటి?" అంది. "మా ఆయన" అన్నాను. ఆ పిల్లకి ఈసారి మాట సరిగ్గా అర్థమైంది. అందరికీ చెప్పింది. అందరూ చెంచాలు దించేశారు. సాక్సులాయన టోపీ తీసేశాడు. "తినండి, తినడానికే చేశాను" అన్నాను.

తిన్నారు. ఒక్క గింజ వదల్లేదు. తింటూ మనం అనే మాట, దేవుడు ఆయన్ని మన్నించాలి అని, గునిల్లా వాళ్ళకి నేర్పింది. అరవైమంది నోళ్ళు వంకర్లు తిప్పుకుని అన్నారు, ఒక్కరూ సరిగ్గా పలకలేదు. అయినా మన దీవిలో ఇంతమంది ఎవరికీ అనలేదురా. మేయరు పోయినప్పుడు కూడా ముప్పైమందే.

ఇక నువ్వు. గిన్నె దించిన చిన్న పడవ సగం దూరం తిరిగొచ్చింది. దాన్ని కేకేస్తే వెనక్కి రాదూ? గిన్నెలో కోలివ చూశాక రెండు నిమిషాలు ఆగలేకపోయావా? తెల్ల యూనిఫారం, భుజాల మీద నాలుగు బంగారు పట్టీలు, నడుముకి కళ్ళజోడు బాతు! మొదట నేను నమ్మలేదు. రెండు చేతులతో నీళ్ళని బాదుకుంటూ, మూడుసార్లు గుటకలు మింగి, ఒకచోట గుండ్రంగా తిరిగి మళ్ళీ దారి పట్టావు. నీ విదేశీయులు ఇది కూడా టిక్కెట్టులో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు. నిన్న మళ్ళీ వచ్చి, బాతుని పడవలోనే వదిలి దిగిన దాని యజమానురాలు అందరికంటే గట్టిగా కొట్టింది. ఆ ఫోటోలు ఈపాటికి ఎన్ని దేశాలు దాటాయో, మన వంశం పరువు వాటితోపాటే దాటింది.

ఎంత నవ్వానంటే పక్కటెముకలు ఇప్పటికీ నొప్పి. నవ్వుతూనే ఆ నల్ల గౌనుతో నీళ్ళలోకొచ్చి నీ చెయ్యి పట్టుకున్నాను. జూన్ నెలలో కూడా నీ చెయ్యి మంచులా ఉంది. అప్పుడే అనిపించింది, నిన్ను నాకు వదిలి వెళ్ళడానికే కదా ఆయన ఆ చక్రం నీ మెడలో వేశాడని. ఆయన వదిలివెళ్ళింది నువ్వొక్కడివే. నేను నిన్ను పదమూడేళ్ళు గుమ్మం బయట నిలబెట్టాను. నన్ను క్షమించు. ఈ ముక్క ఎదురుగా చెప్పలేను, కాబట్టి రెండుసార్లు చదువుకో.

మెట్టు దగ్గర ఆగి "రావచ్చా?" అన్నావు. 'నే' అన్నాను. ఇక దాని అర్థం ఎవరినీ అడక్కు.

కాగితాల సంగతి నీకు చెప్పలేదు. మీ బావ పేరు ఇటు నుంచి తీసి అటు రాశాక, బతికున్నవాళ్ళ కాగితం ఖాళీ అయిపోయింది. ఖాళీ కాగితం ఫాదరు చేతికి ఎలా ఇస్తాను? నీ పేరు రాశాను. పేజీ మొత్తానికి ఒక్కటే పేరు. కాబట్టి మళ్ళీ బాతులెక్కి వేషాలు వెయ్యకు. వచ్చే శనివారం వాళ్ళు తింటున్నప్పుడు నువ్వు మోకాలి లోతులో దిగు, నేను ఈత నేర్పిస్తాను. నాకూ ఆయనే నేర్పాడు.

వెళ్తూ వెళ్తూ హారన్ కొట్టావు. మొదటిది వణికింది, మూడోది బాగుంది. గాడిద బెదిరి రిబ్బనుతో సహా కొండెక్కింది. నేను మెట్టు మీద నిలబడి మూడుసార్లూ "ఓయ్!" అని అరిచాను. ఊరంతా నాకు మతి పోయిందనుకుంది. నీకు వినిపించి ఉండదు, గాలి ఎదురుగా ఉంది.

శనివారం ఇంకా దగ్గరికొచ్చి కొట్టు.

అక్క